యారాలి వెంట నడిచిన బర్రె

నిజాం పాలన చివరి రోజుల్లో నేను మడికొండకు కోడలిగా వచ్చాను. మామగారికి వరంగల్ బజారులో కిరాణా దుకాణం. నాకంటే ముందే ఆ ఇంట్లో అడుగుపెట్టింది నా యారాలు, మా బావగారి భార్య. ఆమెను చూస్తే నాకు కడుపు మండేది. పప్పు నేను వండినా అత్తగారు మెచ్చుకునేది ఆమె చేసిన పచ్చడినే. నాదని చెప్పుకోవడానికి ఆ ఇంట్లో ఒక్క బర్రె ఉండేది. మా అమ్మగారింటి నుంచి నా వెంట వచ్చిన బర్రె. అది దుడ్డెను ఈనినప్పుడు పక్కనున్నదీ నేనే.

ఆ ఏడు నాలుగు రోజులు ముసురు విడవలేదు. మగవాళ్లు దుకాణంలో సరుకు తడవకుండా చూసుకోవడానికి వెళ్లి అక్కడే చిక్కుకుపోయారు. ఐదో రోజు పొద్దున వాగు పొంగి, ఇంటి వెనక బర్రె, ఎడ్లు ఉండే కొట్టంలోకి నీళ్లొచ్చాయి. నేను పరుగెత్తాను. బర్రె మెడకున్న పలుపు తడిసి, ముడి బిగుసుకుపోయింది. గోరు విరిగింది గానీ ముడి ఊడలేదు.

"జరుగు చెల్లే, నీళ్లు ఎక్కుతానయ్!"

యారాలు కొడవలి తెచ్చి పలుపులన్నీ కోసేసింది. నేను ఎంత పిలిచినా బెదిరిన నా బర్రె కదల్లేదు. ఆమె దాని మెడ నిమిరి "రా తల్లీ, నా ఎంట రా" అంది. అంతే, ఆమె వెనకే నడిచింది. రెండు ఎడ్లూ దాని వెంట మిట్టకెక్కాయి.

"నా పెద్ద కోడలు మగోళ్లకు తక్కువ గాదు" అంది మిట్ట మీద నిలబడి చూస్తున్న అత్తగారు.

నా ఒళ్లు మండింది. "దుడ్డెను మరిచినవు గదా అక్కా!" అన్నాను, అత్తగారికి వినపడేలా. నిజానికి దూడను కట్టేదీ విప్పేదీ నేనే. మరిచిందీ నేనే.

ఆమె నావైపు ఒకసారి చూసి, మళ్లీ నీళ్లలోకి దిగింది. ఇప్పుడు తెలుస్తుంది నీ గొప్ప అనుకున్నాను. అంతలో కొట్టం గోడ కూలిన చప్పుడైంది.

ఎలా దిగానో తెలియదు. ఆమె నడుములోతు నీళ్లలో, దుడ్డెను భుజాల మీద వేసుకుని నిలబడి ఉంది. విరిగిపడిన గుంజ కింద ఆమె కాలు ఇరుక్కుంది.

"ముందుగాల దీన్ని పట్టుకో" అంది.

దుడ్డెను మిట్ట మీదికి చేర్చి, మళ్లీ వెళ్లి గుంజ పైకెత్తాను. నా భుజం పట్టుకుని, కుంటుకుంటూ బయటికొచ్చింది. నెల దాటినా ఆ కాలి వాపు తగ్గలేదు.

ఆ తర్వాత నా బర్రె ఆమె పక్కన కూర్చుంటే తప్ప పాలు చేపేది కాదు. "నువ్వే పిండు చెల్లే, నేను ఊకె పక్కన కూసుంట" అనేది యారాలు. దుడ్డెను ఎవరు మరిచారో ఆమెకు తెలుసు. ఏనాడూ ఎవరితోనూ అనలేదు. ఆ ఓర్పు చూసి కూడా నేను ఈర్ష్యపడ్డాను.