అటకెక్కిన ఇల్లు

అన్నపూర్ణేశ్వరి ఏ పనికి దిగినా కొంగు దోపి, కళ్ళజోడు నెత్తికెక్కించి, ఆనక దాన్నే ఇల్లంతా వెతుక్కుంటుంది. జనక్‌పురిలో పిన్ని ఇల్లు ఖాళీ చేయడానికీ అలాగే దిగింది. పిన్ని హనుమాయమ్మ ఘాజియాబాద్ వృద్ధాశ్రమంలో చేరింది. సాయంత్రానికల్లా ఇంటివాళ్ళకు తాళాలివ్వాలి. "మొహమాటం లేదు, అన్నీ పారేయడమే," అంటూనే పిడి ఊడిన అట్లకాడను నిమిరి, "ఇది ఉంచు," అంది. కూలికొచ్చిన సంతోష్‌కు తెలుగు రాదు. హిందీలో 'ఊంచా' అంటోంది, ఎత్తున పెట్టమంటోంది కాబోలనుకుని అటకెక్కించాడు. విసనకర్రకీ, సొట్టల కాఫీ ఫిల్టరుకీ, చెయ్యి విరిగిన కుర్చీకీ అదే మాట. మధ్యాహ్నానికి నేల అద్దంలా ఉంది, అటక నిండు చూలాలిలా ఉంది.

పిన్ని ఫోను చేసింది. స్పీకరు నొక్కడానికి కళ్ళజోడు దింపాక గానీ అన్నపూర్ణేశ్వరికి అటక కనబడలేదు.

"అన్నీ పారేశావుటే?"

"పని అటకెక్కింది పిన్నీ," అంది నాలుక కరుచుకుని.

"నాకు తెలుసు! పగిలిన పలకైనా పారేయనిచ్చేదానివి కాదు. నాకవేవీ వద్దే. ఇక్కడ వంకాయల్ని చాకుతో చెక్కుతున్నారు, చూళ్ళేకపోతున్నా. నా కత్తిపీట ఒక్కటీ ఉంచు!"

ఆ ఆఖరి మాట చెవిన పడగానే, నేల ఊడుస్తున్న సంతోష్ చీపురుతో సహా స్టూలెక్కాడు.