బాంచెన్ ఒక్కటే మిగిలింది

మా ముత్తాత పెద్ద లింగారెడ్డి. తాత తిమ్మారెడ్డి. తండ్రి గోపాలరెడ్డి. సంస్థానం కాలంలో మానవపాడు వైపు ఊళ్ల శిస్తు మా ముత్తాత చేతి మీదుగా పోయేది. తాత పోలీసు పటేల్. నాన్న కాలానికి పటేల్‌గిరీ పోయింది గాని, ఆయన వీధిలో నడిచి వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. నా దాకా వచ్చేసరికి భూమి కొంత సీలింగులో, మిగిలింది దాయాదుల తగాదాల్లో పోయింది. గద్వాలలో నాన్న కట్టిన ఇల్లు ఉంది. నేను పెట్టిన పల్లి నూనె మిల్లు ఉంది. మా వంశంలో సొంతంగా ఒక వ్యాపారం నిలబెట్టినవాణ్ని నేనే. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. నా జబ్బు నాలో ఏం మిగిల్చిందో అర్థం కావాలంటే ఇది తెలిసి ఉండాలి.

కరువు వెనక కరువు వచ్చిన సంవత్సరాలవి. గద్వాల అప్పటికి మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంది. మా దగ్గర పల్లి దొరక్క వనపర్తి మార్కెట్ యార్డుకు పోయాను. కుప్ప దగ్గర నిలబడి, అలవాటు ప్రకారం ఒక కాయ తీసి బొటనవేలితో నొక్కాను. పగల్లేదు. కాయ పచ్చిగా ఉందనుకొని ఇంకోటి తీశాను. అదీ పగల్లేదు. మూడో కాయ వేళ్ల మధ్య నుంచి జారి కిందపడింది. పక్కనున్న అడ్తి వ్యాపారి నవ్వి, "ఏం పటేలా, పొద్దున తినలేదా?" అన్నాడు. జవాబు చెప్పబోయాను. నాలుక కదిలింది, మాట రాలేదు. కుడికాలు నాది కానట్టు మడతపడింది.

నా భార్య భారతి తమ్ముడు శేఖర్ వనపర్తిలోనే ఉంటాడు. కబురు అంది పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది బావా, మూతి గట్ల వంకరపోయింది? గాలి తగిలినట్టుంది. పెద్ద దవాఖానకు పోతే ఉత్తగ సూదులు పొడుస్తరు. నాగర్‌కర్నూల్ దిక్కు పసరు తాపే ఆయన ఉన్నడు. మా పక్కింటాయన గది తాగే లేచి కూసున్నడు."

వద్దని చెప్పాలని ఉంది. చెప్పే నోరు లేదు. జీపులో పడుకోబెట్టి, కర్నూలుకు పోవలసినవాణ్ని నాగర్‌కర్నూల్ దారి పట్టించారు. పసరు చేదుగా ఉంది. సగం గొంతులోకి, సగం చెవి పక్కకి పోయింది. ఆ రోజంతా అక్కడే ఉంచారు. శేఖర్ చెడ్డవాడు కాదు. పక్షవాతమంటే పసరు అని మా వైపు అందరికీ తెలిసిన సంగతే అతనికీ తెలుసు, అంతే. మర్నాటికి కూడా నేను లేవకపోతే భారతి వచ్చి, తమ్ముణ్ని నలుగురిలో తిట్టి, నన్ను కర్నూలుకు తీసుకుపోయింది.

కర్నూలు డాక్టరు మొదట అడిగింది టైమే.

"ఎప్పుడు మొదలయిందమ్మా?"

"నిన్న పొద్దుగాల సార్."

"నిన్న మొదలైతే ఈరోజా తెచ్చేది? బీపీ మాత్ర వేసుకుంటున్నాడా?"

"తగ్గిందని బంద్ చేసిండు సార్."

సీటీ స్కాన్ తీశారు. మెదడు ఎడమవైపు క్లాట్, స్ట్రోక్ అన్నారు. డాక్టరు నా మంచం దగ్గరికి వచ్చి, కళ్లలో లైటు వేసి చూసి, "నీ పేరేమప్పా?" అని అడిగాడు.

పేరు తలలో స్పష్టంగా ఉంది. నోరు తెరిచాను.

"బాంచెన్."

నేను అదిరిపడ్డాను. ఆ గొంతు నాదే.

"పేరు చెప్పప్పా."

"బాంచెన్."

డాక్టరు భారతి వైపు తిరిగాడు. "ఎవరి దగ్గర పని చేస్తాడమ్మా ఈయన?"

"ఈయన దగ్గరనే మంది పని చేస్తరు సార్" అని, భారతి గోడ వైపు తిరిగింది.

మా వైపు కానివాళ్ల కోసం చెబుతున్నాను. బాంచెన్ అంటే నీ బానిసను అని. మా ఇంటి వాకిట్లో నిలబడి, తలగుడ్డ చంకలో పెట్టుకొని, కష్టం చెప్పుకోవడానికి వచ్చినవాళ్లు అనే మాట. పుట్టినప్పటి నుంచి దాన్ని విన్నాను. ఒక్కసారి కూడా ఎవరితోనూ అనలేదు. అనవలసిన అవసరం మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

డాక్టరు తర్వాత వివరంగా చెప్పాడు. "దీన్ని అఫేసియా అంటారు. స్పీచ్ ఏరియా దెబ్బతింది. ఈయనకు మీ మాటలు అర్థమవుతాయి, తిరిగి చెప్పలేడు, రాయలేడు. కొందరికి ఒకే మాట మిగులుతుంది. కొందరికి తిట్టు మిగులుతుంది, కొందరికి భార్య పేరు. ఏది మిగులుతుందో ఎవరూ చెప్పలేరు. మాట్లాడిస్తూ ఉండండి."

భారతి పేరు మిగిలి ఉండవచ్చు. తిట్టు మిగిలినా తల ఎత్తుకునేవాణ్ని. నేను నోరు మూసుకున్నాను.

ఇంటికి వచ్చాక ఒంటి మీద పని మొదలుపెట్టాను. ఫిజియోథెరపీకి ఒకాయన ఇంటికి వచ్చేవాడు. "సార్, కాలు ఈడ్వొద్దు, ఎత్తాలె. ఈడ్చి ఈడ్చి అలవాటైతే మళ్లీ పోదు" అనేవాడు. ఎత్తాను. తెల్లారకముందే లేచి గద్వాల కోట గోడ వెంబడి నడిచేవాణ్ని. మొదట భారతి భుజం పట్టుకొని, తర్వాత కర్రతో, తర్వాత కర్ర లేకుండా. ఇసుక నింపిన సీసా కుడిచేత్తో ఎత్తడం, రబ్బరు బంతి పిసకడం, ఉప్పు తగ్గించి తినడం, ఒక్క పూటా తప్పలేదు. వెన్ను వంచి నడవలేదు. చూసినవాళ్లు, "పటేల్ మంచిగైండు" అన్నారు. కాళ్లూ చేతులూ నోరు విప్పకుండానే బాగుచేసుకోవచ్చు. అందుకే అవి బాగయ్యాయి. నెలల పాటు నేను ఒక్క మాట మాట్లాడలేదు.

పూజ గదిలో మాత్రం ఒక వింత జరిగింది. నాన్న రోజూ చదివే స్తోత్రం నాకు చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు. ఒక ఉదయం దీపం ముందు కూర్చుంటే పెదవులు వాటంతట అవే కదిలాయి. మొదటి నుంచి చివరి దాకా, ఒక్క అక్షరం తప్పకుండా, గట్టిగా వచ్చింది. మాట వచ్చేసిందనుకున్నాను. కళ్లనీళ్లతో వంటింట్లోకి పోయి, భారతికి చెప్పబోయాను.

"బాంచెన్."

భారతి చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. తర్వాత, "ఏంది దొరా, గింత పొద్దుగాలనే కష్టమొచ్చింది?" అని నవ్వింది. నవ్వు సగంలోనే ఏడ్చింది. నేను బయటికి పోయాను. ఆ మాట అనడానికి ఎవరి ముందైనా సిగ్గుపడనక్కర లేదంటే అది దేవుడి ముందే. అక్కడ మాత్రం అది రాలేదు.

స్తోత్రం ఎట్లా వస్తుందో డాక్టరు తర్వాత చెప్పాడు. కంఠతా వచ్చినవి వేరే దారిన వస్తాయట. అంకెలు కూడా అంతే. ఒకటి నుంచి లెక్కపెడితే వస్తాయి, మధ్యలో ఒక అంకె తీయమంటే రాదు. నా దేవుడు నాకు ఇచ్చింది అంతవరకే. మా గద్వాల అమ్మవారు జమ్ములమ్మకు మొక్కుకున్నాం, కొబ్బరికాయలు కొట్టాం. ఆ అమ్మను నేను నిందించను.

నడక వచ్చాక మిల్లుకు పోయాను. అప్పటిదాకా మిల్లు నడిపింది మహమూద్. గింజ పిండే ఎక్స్‌పెల్లర్ పెట్టిన నాటి నుంచి దాని మీద పనిచేసేవాడు.

"పటేలా, మీరు గద్దె మీద కూసోండ్రి, చాలు. మాట్లాడుడు నాకు ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. నా మిల్లులో నా బేరం ఇంకొకడు మాట్లాడితే ఆ మిల్లు నాది ఎట్లా అవుతుంది? అప్పుడు నాకు కావలసింది అదొక్కటే. నా గద్దె మీద నేను కూర్చొని, నా నోటితో నా వ్యాపారం చేయాలి.

నూనె ఎన్ని కిలోలో చెప్పాలంటే ఒకటి నుంచి మొదలుపెట్టేవాణ్ని. ఒకటి, రెండు, మూడు అంటూ కావలసిన అంకె దగ్గర గట్టిగా ఆగాలి. కొన్నిసార్లు ఆగలేక దాటిపోయేవాణ్ని. మళ్లీ ఒకటి నుంచి. వచ్చినవాళ్లు పాత్రలు పట్టుకొని నిలబడి చూసేవాళ్లు. "పదకొండు అను పటేలా, పదకొండు!" అని అందించేవాళ్లు, బడిలో పంతులు అందించినట్టు.

ఒకరోజు సాయమ్మ అనే పెద్దామె మా సొంతూరి నుంచి పల్లి గింజల మూట తెచ్చింది. ఆమె అత్త మా వాకిట్లో పని చేసి పోయిన మనిషి.

"దొరా, గింజలు మంచిగ ఎండినయ్. నూనె నాకియ్యి. పిండినంక మిగిలే చెక్క నువ్వే ఉంచుకో, పట్టిన కూలి దాంట్లనే పట్టుకో. సరేనా?"

సరే అనాలి. రెండక్షరాలు. తల ఊపితే సరిపోయేది. కాని లెక్కకు తప్ప నెలల తరబడి మూసుకున్న నోరు ఆ రోజు తెరుచుకుంది.

"బాంచెన్."

సాయమ్మ ముఖం తెల్లబోయింది. "అయ్యో! గట్లనకు దొరా! మా అత్త నీ వాకిట్ల అన్న మాట గది. నువ్వు నన్ననుడేంది? నాకు పాపం తగుల్తది." రెండు చేతులూ జోడించింది. మూట మళ్లీ నెత్తిన పెట్టుకొని, వెనక్కి చూడకుండా పోయింది.

"పటేలా పోనీండ్రి, నేను పోయి తోల్కొస్త" అని మహమూద్ పరుగెత్తాడు.  ఆమె రాలేదు.

ఆమె ఎగతాళి చేసి ఉంటే నేను తట్టుకునేవాణ్ని. భయపడింది. ఆ భయం ఊళ్లకు పాకింది. దొర నోట ఆ మాట పడితే ఇంటికి మంచిది కాదని పెద్దవాళ్లు రావడం మానేశారు. వయసులో ఉన్నవాళ్లు కొందరు మాత్రం ఏ మూటా లేకుండా వచ్చేవాళ్లు.

"ఏం పటేలా, బాగున్నవా?"

నేను పళ్లు బిగించి కూర్చునేవాణ్ని.

"ఇయ్యాల అనడు రా. మొన్న అన్నడంట" అనుకుంటూ పోయేవాళ్లు. మహమూద్ పల్లి చెక్క ముక్క తీసుకొని వాళ్ల మీదికి విసిరేవాడు.

అప్పటికే చౌక నూనె ప్యాకెట్లు కిరాణా కొట్లలో వేలాడుతున్నాయి. గింజలు తెచ్చి పట్టించుకునేవాళ్లు ఎట్లాగూ తగ్గుతున్నారు. మిగిలినవాళ్లు నా వల్ల తగ్గారు.

కర్నూలులో స్పీచ్ థెరపీ చెప్పే అమ్మాయి ఉందని తెలిసి పోయాం. హైదరాబాద్ నుంచి వారానికోసారి వచ్చేది. అంతా విని, "ఇన్ని నెలలు మాట్లాడనే లేదా సార్?" అంది. "మొదటి నెలలే ముఖ్యం. మిగిలిన ఆ ఒక్క మాటతోనే మనం పని మొదలుపెట్టాలి. దాంతోనే అవును చెప్పండి. దాంతోనే కాదు చెప్పండి. కోపంగా అనండి, అడిగినట్టు అనండి. రోజూ వందసార్లు. ఆ మాట మీ అదుపులోకి వస్తే పక్క మాటలు వస్తాయి."

రోజూ వందసార్లు. నేను లేచి బయటికి వచ్చేశాను. భారతి ఆమెకు ఏదో నచ్చజెప్పి వెనకాల వచ్చింది. 

ఆ తర్వాత మిల్లులోనే ఫిట్స్ వచ్చాయి. కుడిచెయ్యి దానంతట అది కొట్టుకోవడం చూశాను. తర్వాత తెలియదు. బస్తాల మధ్య పడ్డాను. మహమూద్ నన్ను తిరుగుతున్న మోటారు బెల్టు వైపు దొర్లకుండా పట్టుకున్నాడట. కర్నూలు డాక్టరు, "పోస్ట్ స్ట్రోక్ సీజర్. మళ్లీ రావచ్చు. ఈ మాత్ర జీవితాంతం. మోటారు, బెల్టు ఉన్నచోటికి నువ్వు పోకూడదప్పా" అన్నాడు. అంటే మిల్లుకు పోకూడదు. కాలు బాగయింది, చెయ్యి సగం బాగయింది, వాటిని తీసుకొని పోవడానికి చోటు లేదు.

ఇంట్లో కుర్చీలో కూర్చున్నాను. నడక కూడా మానేశాను. కొన్ని రోజులు చూసి భారతి కుర్చీ ముందుకు వచ్చి నిలబడింది.

"ఈ ఇంటికి వచ్చిన సంది మీరు చెప్తే నేను ఊఁ అన్న. ఇన్ని నెలల సంది నేనొక్కదాన్నే మాట్లాడుతున్న. గోడలతోటి మాట్లాడుతున్న. నాకు బదులు కావాలె. మీకు గా ఒక్క మాటే ఉంటే గదే అనుండ్రి. నా ముందట మీకు ఇజ్జత్ పోతదా?"

ఆమె ముఖం చూసి ఆ మాటే అన్నాను.

"ఊఁ, నీళ్లా?" అంది.

కాదన్నట్టు మళ్లీ అన్నాను, గొంతు తగ్గించి.

"చాయ్‌నా? ఇంత పొద్దెక్కినంకనా?" అని వంటింట్లోకి పోయింది.

నాకు చాయ్ అక్కర లేదు. తాగాను.

అట్లా వంటింట్లో, తలుపు వేసుకొని, మేము పని చేశాం. ఆమె చిక్కుడుకాయలు గిల్లుతూ అడిగేది. నేను ఆ మాటనే కోపంగా, మెల్లగా, సాగదీసి, విరిచి అనేవాణ్ని. "గిదేం కోపం? మీ నాయిన కోపంల పావు వంతు లేదు" అని దెప్పేది. చాలాకాలం ఏమీ రాలేదు. తర్వాత ఒకరోజు ఆ మాట బదులు "వద్దు" వచ్చింది. పప్పు గురించి. తర్వాత "నీళ్లు". "రేపు". భారతి పేరు వచ్చేసరికి ఏడాది దాటింది. అదీ సగమే: "భార". ఆమె ఆ పేరుకే పలుకుతుంది.

డాక్టరు చివరిసారి, "ఇంతకు మించి పెద్దగా ఆశ పెట్టుకోవద్దు" అన్నాడు. ముందే మొదలుపెట్టి ఉంటే ఇంకా వచ్చేదా అని భారతి అడిగింది. "వచ్చేదేమో. చెప్పలేం" అన్నాడు. నోరు మూసుకున్న ఆ నెలలను నేను తప్పు అనను. నష్టం అంటాను.

ఇప్పుడు నాకు రెండు మూడు మాటలు కలిపి అనడం వస్తుంది. రాత మాత్రం మాట కంటే కొంచెం ముందే, ఎక్కువగానే తిరిగి వచ్చింది. ఇది ఎడమచేత్తో రాసి, భారతితో చదివించుకొని, దిద్దుకున్నాను. తెల్లారకముందే లేస్తాను. కోట గోడ వెంబడి నడుస్తాను. దీపం పెట్టి స్తోత్రం చదువుతాను. ఇంటి ముందు గదిలో చిన్న దుకాణం ఉంది. ఎక్కడో తీసిన నూనె ప్యాకెట్లు అమ్ముతాం. మాట్లాడేది భారతి. అలసిపోయినప్పుడు ఆ మాట ఇంకా వస్తుంది. పోదు.

చదివేవాళ్లకు ఒకటే చెబుతాను. మీ ఇంట్లో ఎవరికైనా స్ట్రోక్ వచ్చి మాట పోతే, ఏ మాట మిగిలినా, తిట్టయినా, సిగ్గుపడే మాటయినా, మొదటి రోజు నుంచే దాన్ని అననివ్వండి. నవ్వకండి, భయపడకండి, బదులివ్వండి.

దుకాణం పెట్టాక, మిల్లు కొనడానికి రాయచూరు నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. కన్నడిగుడు. దుకాణం ముందు కుర్చీ వేసి, మహమూద్‌ను పక్కన ఉంచుకొని, బేరం నేనే మాట్లాడాను. ఎన్ని లక్షలో ఒకటి నుంచి లెక్కపెట్టి నా ధర చెప్పాను. ఆయన బాగా తగ్గించి అడిగాడు. నాకు కోపం వచ్చింది. "బాంచెన్" అన్నాను. ఆయనకు ఆ మాట తెలియదు. మహమూద్ వైపు చూసి, ఏమంటున్నాడని కన్నడంలో "ఏనంతారె?" అన్నాడు.

"కమ్మి చేయనంటుండు" అన్నాడు మహమూద్.

"తక్కువ వద్దు" అన్నాను నేను. అది సరిగ్గానే వచ్చింది.

ఎక్స్‌పెల్లర్, మోటారు, రెండు నూనె ట్యాంకులు, తూకం కాటా ఆయన లారీలో రాయచూరు పోయాయి. షెడ్డు రేకులు విడిగా అమ్మాము.