మేనేజరు గారొస్తే పనిచేసే కాటా

2006లో నేను ఒక తూనిక యంత్రాల కంపెనీ విశాఖ బ్రాంచిలో సీనియర్ సర్వీస్ ఇంజనీరుని. ఆ ఏడు ధాన్యం సీజనులో అనకాపల్లి శివార్లలోని ఒక ప్రైవేటు గోదాము నుంచి ఫిర్యాదు వచ్చింది. కాటా చెడిందట, అయితే మేనేజరు గారు దగ్గరుంటే చెడదట. నా సర్వీసులో అలాంటి రోగలక్షణం ఎన్నడూ వినలేదు.

కాటా అంటే ట్రాక్టరును లోడుతో సహా తూచే వేబ్రిడ్జి. అది చూపే బరువు ఒక తీగ మీదుగా చిన్న పెట్టెలోకి వస్తుంది. దాన్ని సీరియల్ డివైస్ సర్వర్ అంటారు. ఆ అంకెలను నెట్‌వర్క్‌లోకి ఎక్కించి ఆఫీసు కంప్యూటరుకు చేర్చడమే దాని పని. కంప్యూటరు దాన్ని ఐపీ అడ్రసు అనే నంబరుతో పిలుస్తుంది.

రోజూ పదిన్నర దాటాక బరువులు ఆఫీసుకు చేరడం మానేసేవి. కాటా గుమాస్తా సాల్మన్ ఫోను చేసేవాడు. మేనేజరు సూర్యనారాయణ గారు మేడ దిగి, యార్డు దాటి వచ్చేసరికి అంతా సవ్యంగా నడిచేది. గుమాస్తాకి ఒళ్లు వంగడం లేదని తేల్చి ఆయన రెండు మెమోలు ఇచ్చారు. మూడోది వస్తే ఉద్యోగం పోయినట్టే. మేనేజరు గారికి కాటా పక్కనే కుర్చీ వేస్తే పీడా వదిలిపోతుందని హమాలీలు నవ్వుకునేవారు.

“ఆయనొత్తే పనిసేత్తాది, ఎలిపోతే ఆగిపోతాది. ఇందులో నేను సేసిన తప్పేటి సార్?” అని సాల్మన్ అడిగాడు. నేను పనిముట్ల సంచీ విప్పాను.

మొదటిరోజు తీగలు, సెట్టింగులు అన్నీ చూశాను. ఏ లోపమూ లేదు. మర్నాడు పదిన్నరకు బరువులు ఆగగానే, ఫోను చెయ్యొద్దని సాల్మన్‌తో చెప్పి, కాటా కేబిన్‌లో నెట్‌వర్క్ తీగలు కలిసే హబ్‌కి నా లాప్‌టాప్ తగిలించి పింగ్ చేశాను. పింగ్ అంటే ఆ నంబరును పిలిచి పలుకుతుందో లేదో చూడటం. భేషుగ్గా పలికింది. పెట్టె పలుకుతోంది, బరువు మాత్రం రాదు. తల పట్టుకున్నాను.

ఈలోగా బరువులు చేత్తో రాసుకుంటున్న సాల్మన్, అప్పలనాయుడు గారిని కాటా ఎక్కమని మైకులో పిలిచాడు. రెండు ట్రాక్టర్లు ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి. అప్పన్న దేవుడి పేరు పెట్టుకోని ఇల్లు ఆ వైపు అరుదు. పిలిచింది తననేనని ఇద్దరూ పట్టుబట్టారు.

“కశింకోట అప్పలనాయుడు గారు కాదు, కొండకర్ల అప్పలనాయుడు గారు,” అన్నాడు సాల్మన్ విసుగ్గా.

నాకప్పుడు తట్టింది. పెట్టెకున్న నెట్‌వర్క్ తీగ పీకేసి మళ్లీ పింగ్ చేశాను. పీకేసిన పెట్టె నిక్షేపంగా పలికింది. అంటే ఆ నంబరు ఇంకెవరో కూడా పెట్టుకున్నారు, కంప్యూటరు పిలుపు వాళ్లకే పోతోందన్నమాట. పాతకాలపు పెట్టె గనక, తన నంబరు లాక్కున్నా నోరెత్తలేదు.

హబ్ నుంచి మేడ మీదికి పోయే తీగ వెంట పోతే మేనేజరు గారి గదిలో తేలాను. కొత్త లాప్‌టాప్‌కి ఆయనే స్వహస్తాలతో నంబరు పెట్టుకున్నారట, పెట్టె మీది స్టిక్కరు చూసి. బాగా పనిచేస్తున్న నంబరు కదా అని. రోజూ పదిన్నరకు దాన్ని తెరిచేవారు. సాల్మన్ ఫోను రాగానే జాగ్రత్తగా లాప్‌టాప్ కట్టేసి, బీరువాలో పెట్టి, తాళం వేసి మరీ కిందికి దిగేవారు.

నంబరు మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. సర్వీస్ రిపోర్టుకి గంట పట్టింది. దాని మీద కస్టమరు సంతకం ఉండాలి, కస్టమరంటే ఆయనే. ‘కారణం’ అన్న గడిలో నేను ‘మేనేజరు గారి లాప్‌టాప్’ అని రాశాను. ‘సాంకేతిక లోపం’ అని మార్చమన్నారు. అలాగే మారుస్తాను గానీ, సాంకేతిక లోపానికి గుమాస్తాకి మెమోలెందుకు ఇచ్చారని పైవాళ్లు అడుగుతారేమో అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు. టీ తెప్పించారు.

రెండు మెమోలూ ఆ సాయంత్రమే రద్దయ్యాయి. సాల్మన్ ఆ ఉత్తర్వు తెచ్చి నాకు చూపించాడు. ‘గుమాస్తా పనితీరు మెరుగుపడినందున’ అని ఉంది.

“నేనేటి మెరుగుపడ్డాను సార్?” అన్నాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఒక నియమం పాటించాను. అధికారి రాగానే యంత్రం బాగుపడిందని ఎవరైనా చెబితే, ముందుగా యంత్రం మూత విప్పేవాణ్ణి కాదు. ఆ అధికారి దేన్ని కట్టేసి వచ్చారో అడిగేవాణ్ణి.