కదలని అంకెను నమ్మొద్దన్న ఆపా

ఆపా పోయిందని ఉరవకొండ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను వజ్రకరూరు దగ్గర మా గాలిమరల కంట్రోల్ రూంలో ఉన్నాను. జ్వరమని సెలవు పెట్టిన మనిషి. ఆస్పత్రికి తీసుకుపోయేలోపే మాట పడిపోయిందట. బయట గాలి హోరుమంటోంది. కొండ మీద ఫ్యాన్లన్నీ తిరుగుతూనే ఉన్నాయి.

ఆపా అంటే అక్క. నాకు తోబుట్టువు కాదు, పని నేర్పిన పెద్ద. ఆమెకన్నా వయసులో పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవాళ్లు. గాలిమరల పనితీరును కనిపెట్టే సాధనాలు మా దగ్గర చాలా ఉన్నాయి. ఒకటి వేగం చూపిస్తుంది, ఒకటి వేడి, ఇంకొకటి పని ఎక్కడ మందగించిందో పట్టిస్తుంది. మొదట్లో వాటిని మనుషులే చూసేవాళ్లు. తర్వాత ఆ పనీ, మరలను ఆపి తిప్పే పనీ ఏఐ ఏజెంట్‌కు అప్పగించారు. ఏ సాధనం ఏం చెబుతుంది, దాన్ని ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు నమ్మకూడదు అని ఆ ఏజెంట్ చదువుకునేలా రాసిపెట్టడం ఆపా పని.

ఒక వాక్యం రాసి, పైకి చదివి, కళ్లు మూసుకుని కూర్చునేది. సాసర్‌లో పోసుకున్న టీ చల్లారిపోయేది. ఏం చేస్తున్నావని అడిగితే కళ్లు తెరవకుండానే చెప్పేది.

"దాని మాదిరి ఆలోచన చేస్తాండాప్పా. దానికి కొండ తెల్దు, గాలి తెల్దు. నేను రాసిందే దాని లోకం. నేను తప్పు రాస్తే అది ఎవుర్ని అడుగుతాది, పాపం?"

ఆమె తరచూ అనే మాట ఇంకొకటుంది. "కదిలే అంకె బతికుండాది. కదలకుండా ఉండేదాన్ని నమ్మొద్దు. పోయి చూడాల."

ఆమెకు మట్టి ఇచ్చి వచ్చిన కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం, మరమ్మతు కోసం ఆపిన గాలిమర పని అయిపోయిందని కింది నుంచి ఎవరో ఫోన్‌లో చెప్పారు. స్క్రీన్ మీద అన్నీ పచ్చగా ఉన్నాయి. తిప్పమని మా మేనేజర్ ఏజెంట్‌కు ఆదేశమిచ్చాడు. అది తిప్పలేదు. కాసేపటికి స్క్రీన్ మీద అక్షరాలు వచ్చాయి:

"వేడి అంకె కదలడం లేదు. దీన్ని నేను నమ్మను. ఎవురైనా పోయి చూసి రాండప్పా."

మేనేజర్ తలుపు వైపు చూశాడు.

"ఎవురు రాసినారిది?"

అవి ఆపా మాటలేనని అందరికీ తెలుసు.

నేను బైకు మీద వెళ్లాను. గాలిమర అడుగున తలుపు తీసి ఉంది. గడప పక్కన రెండు జతల చెప్పులు. లోపలికి తల పెట్టి గట్టిగా పిలిచాను. చాలా ఎత్తు నుంచి, బావిలోంచి వచ్చినట్టు, ఒక గొంతు జవాబిచ్చింది.

"ఇంకా కాలేదన్నా! రెక్క కాడ ఉండాము. తిప్పేరు, జాగ్రత్త!"

ఆ చెప్పుల పక్కనే కూలబడ్డాను.

ఆ ఇద్దరూ ఆ రోజు ఇళ్లకు వెళ్లారు. ఆ మాట చెప్పాలని సాయంత్రం ఆపా ఇంటికి పోయాను. వాళ్లమ్మ వసారాలో ఆపా ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నేను చెప్పిందంతా విని తల ఊపింది. తర్వాత ఫోన్ నా చేతికిచ్చింది.

"దీంట్లో ఎవురో పిలుస్తానే ఉండారు నాయనా. నాకు చదివేది రాదు."

సందేహం వస్తే ముందు నా ఫోన్‌కు మెసేజ్ పెట్టి నన్నడుగు అని ఆపా ఏజెంట్‌కు రాసిపెట్టింది. ఆ వాక్యాన్ని ఎవరూ తీసేయలేదు. ఆమె పోయిన రోజు నుంచీ అది అడుగుతూనే ఉంది. ఆ మధ్యాహ్నం వచ్చిన మెసేజ్‌లు రెండున్నాయి.

"ఆపా, వేడి అంకె కదలడం లేదు. తిప్పమంటున్నారు. ఏం చేయాలి?"

కింద ఇంకొకటి. "ఆపా, ఉన్నారా?"

నేను చదివి వినిపించాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"మోగినప్పుడల్లా నేనే చెప్తాండా దానికి, ఉండమ్మా, వస్తాది అని."

ఫోన్ తిరిగి ఇచ్చేశాను. వాలుతున్న ఎండలో, ఊరవతలి గాలిమర రెక్క నీడ వసారా గోడ మీదుగా జారి, ఆమె చేతుల మీదుగా దాటిపోయింది. ఫోన్ మళ్లీ వెలిగింది. ఆమె దాన్ని చెవికి ఆనించుకుని, అవతల ఎవరో మెల్లగా మాట్లాడుతున్నట్టు, తల వంచి వింటూ కూర్చుంది.