తలుపు బయట నిలబడ్డవాళ్ళు

నా చిన్నప్పుడు, మేం ఐర్లండ్‌లో నేవన్ ఊరికి వచ్చిన రెండో ఏడు, గుంటూరు నుంచి మా తాతయ్య వచ్చి మూణ్ణెల్లు మాతో ఉన్నాడు. అమ్మ ఆసుపత్రిలో నర్సు, నాన్న వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళని చూసుకునే కేరర్. ఇద్దరికీ ఒకేసారి డ్యూటీ పడ్డ రోజుల్లో నన్ను బడి నుంచి తీసుకురావడం తాతయ్య పని. ఆయన హైస్కూల్లో చరిత్ర మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు.

ఇక్కడి చలి సంగతి ఎవరెంత చెప్పినా ఆయన పంచె మానలేదు. దాని కింద థర్మల్ ప్యాంటు, పైన నాన్న రెయిన్‌కోటు, నెత్తిన మంకీ టోపీ. బడి గేటు దగ్గర తల్లులందరి మధ్య నిలబడి, నేను కనబడగానే "అమ్మలూ" అని వీధంతా వినబడేలా పిలిచేవాడు. జేబులో జంతికల పొట్లం ఉండేది. నాకూ, నా పక్కన ఎవరుంటే వాళ్ళకీ పెట్టేవాడు.

మా క్లాసులో ఒకమ్మాయితో స్నేహం కోసం నేను చాలా రోజులు తపించాను. ఒక మధ్యాహ్నం తను నాతో కలిసి గేటు దాకా నడిచింది. తాతయ్య పొట్లం విప్పి చెయ్యి చాచాడు. ఆ అమ్మాయి నా వైపు తిరిగి, మీ తాతగారా అని అడిగింది.

"కాదు, మా ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాడంతే" అన్నాను ఇంగ్లీషులో.

తాతయ్య నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. ఆయనకి ఇంగ్లీషు బాగానే వచ్చు. చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉంచి, తర్వాత పొట్లం మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. దారిలో ఎప్పటిలాగే ఇవాళ ఏం చెప్పారని అడిగాడు. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. కానీ మర్నాటి నుంచి గేటు దాకా రావడం మానేసి, మందుల షాపు మలుపులో నిలబడేవాడు. అమ్మ అడిగితే అక్కడ గాలి తక్కువన్నాడు. నిజానికి గాలంతా ఆ మలుపులోనే ఉండేది. టోపీ చెవుల మీదికి లాక్కుని నిలబడ్డ ఆయన్ని చూసినప్పుడల్లా నేను బ్యాగు పట్టీలు సర్దుకుంటూ దగ్గరికి వెళ్ళేదాన్ని. బహుశా ఆయన వినలేదేమోనని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

ఆ ఆదివారం, తెలుగువాళ్ళం ఆరాధనకి కలుసుకునే హాల్లో, పిల్లలకి సండే స్కూల్ చెప్పే ఆంటీకి డ్యూటీ పడింది. తాతయ్యని చెప్పమన్నారు. ఆయన బైబిలు తెరవకుండా రోము కథ ఎత్తుకున్నాడు. క్రైస్తవ సంఘం ఇంకా కొత్తగా ఉన్న రోజులవి. ప్రతి ఒక్కరూ దేవతల ముందు సాంబ్రాణి వేసి, వేసినట్టు కాగితం రాయించుకోవాలని చక్రవర్తి ఆజ్ఞ. వెయ్యనన్న విశ్వాసులు జైలుకి వెళ్ళారు, దెబ్బలు తిన్నారు. చాలామంది మాత్రం భయపడి సాంబ్రాణి వేశారు. ఏసు ఎవరో మాకు తెలీదన్నారు. కొన్నాళ్ళకి ఆ గొడవ చల్లారింది. తెలీదన్నవాళ్ళంతా తిరిగొచ్చి ప్రార్థన జరిగే ఇంటి తలుపు బయట నిలబడి ఏడ్చారు.

"లోపలికి రానివ్వాలా, వద్దా? మీరే చెప్పండి" అన్నాడు తాతయ్య.

పిల్లలందరూ ఒక్కసారే "నో వే" అన్నారు. అబద్ధమాడారు కదా అన్నారు. ఆయన వాళ్ళని కాదనలేదు. అప్పటి పెద్దలు కూడా దీని మీద ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నారని చెప్పాడు. అంతసేపూ నా వైపు ఒక్కసారీ చూడలేదు.

నేను నోరు తెరిచి, జైలుకి వెళ్ళినవాళ్ళు ఏమన్నారని అడిగాను.

"కొందరు వద్దన్నారమ్మా. కొందరు మాత్రం ఇంకా జైల్లో ఉండగానే ఉత్తరాలు రాశారు, వాళ్ళని చేర్చుకోండని. దెబ్బలు తిన్నవాళ్ళే రాశారు."

తర్వాత ఒక బొమ్మ చూపించాడు. రోము ఊరి కింద, సమాధుల గోడల మీద ఆనాటి విశ్వాసులు వేసుకున్న బొమ్మ అది. గడ్డం లేని కుర్ర కాపరిగా ఏసు, పొట్టి అంగీ, భుజాల మీద గొర్రె. దాని కాళ్ళు జారిపోకుండా గట్టిగా పట్టుకున్నాడు. తప్పిపోయిన గొర్రెకి నడిచి వచ్చే ఓపిక ఉండదని, అందుకే మోసుకొస్తున్నాడని తాతయ్య చెప్పాడు. నేను తల వంచుకుని నా బూట్లు చూసుకుంటూ కూర్చున్నాను.

సోమవారం బడి వదలగానే పరిగెత్తుకుంటూ మలుపు దగ్గరికి వెళ్ళి తాతయ్య చెయ్యి పట్టుకున్నాను. ఎక్కడికమ్మా అంటున్నా వినకుండా గేటు దాకా లాక్కొచ్చాను. ఆ అమ్మాయి వాళ్ళమ్మతో అక్కడే ఉంది. "ఈయన మా తాతయ్య. మొన్న నీతో అబద్ధం చెప్పాను" అన్నాను. తను తాతయ్యకి హలో చెప్పి, నా వైపు చూడకుండా వాళ్ళమ్మతో వెళ్ళిపోయింది. మళ్ళీ నా పక్కన కూర్చోవడానికి తనకి కొన్ని వారాలు పట్టింది. తాతయ్యకి మాత్రం ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఇంటికి వెళ్ళేదాకా మా అమ్మ చిన్నప్పుడు ఆడిన అబద్ధాలన్నీ ఒక్కొక్కటే చెప్పి నన్ను నవ్వించాడు.

ఆయన ఇప్పుడు లేడు. ఆనాడు గేటు దగ్గర నా మాట విన్నానని చివరిదాకా ఒప్పుకోలేదు. పోయినేడు, నా గురించి లేనిపోనివి చెప్పి ఏడాదిపాటు మొహం చాటేసిన ఒకామె మా ఆరాధనకి వచ్చి వెనక వరసలో ఒంటరిగా కూర్చుంది. లేచి వెళ్ళడానికి నాకు రెండు పాటలసేపు పట్టింది. ఆమె క్షమాపణ మొదలుపెట్టబోతుంటే, ముందు టీ తాగుదాం రండి అన్నాను. ప్రతిసారీ నాకు ఇంత మనసు రాదు. వచ్చినప్పుడు మాత్రం, అది నాకు ఎవరిచ్చిందో తెలుసు.