పంపేవారి గడిలో నేను పెట్టించిన చిరునామా

2006 జూన్ 16, శుక్రవారం. కాలేజీ ఆఫీసులో ఉన్నవారు: ప్రిన్సిపాల్ గారు, కంప్యూటర్ ఆపరేటర్ అమ్మాయి, హెడ్ క్లర్కునైన నేను.

లైబ్రరీ ఉద్యోగానికి మొదట ఎంపికైన నాతవరం అమ్మాయి ఆ సాయంత్రం ఐదులోగా ఒప్పుకుంటున్నట్టు జవాబివ్వాలి. దరఖాస్తుల జాబితా చూసి తనంతట తానే ఈమెయిల్ పంపే సాఫ్ట్‌వేర్ మాకు కొత్త. అందులో పంపేవారి చిరునామా అనే గడి సోమవారం నింపించింది నేనే.

"మీ అడ్రస్ పెడతాను సార్. జవాబులు సూసేది మీరే కదా" అంది ఆపరేటర్.

"గుమస్తా పేరుతో ఉత్తరం పోతే మర్యాదేటమ్మా? ప్రిన్సిపాల్ గారిదే పెట్టు."

ఏళ్ల తరబడి కాగితం ఉత్తరాలు ఆయన పేరుతో వెళ్లేవి, జవాబులు నా బల్ల మీదికి వచ్చేవి. ఇవీ అంతే అనుకున్నాను. ఆయన తన మెయిల్ తెరిచేవారే కాదు.

ఐదైంది. నా మెయిల్లో ఏమీ లేదు.

"ఇంకేటండీ సూసేది? రెండో ఆవిడకి బేగి కబురెట్టండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆవిడది ఈ ఊరే. ఆరింటికల్లా వచ్చి సంతకం చేసింది.

మర్నాడు పొద్దున్నే, ఉద్యోగం వేరొకరికి ఇచ్చారని విని నాతవరం అమ్మాయి షేర్ ఆటో దిగి వచ్చింది. చేతిలో తను పంపిన జవాబుకు నెట్ సెంటర్లో తీయించిన ప్రింటు ఉంది.

"బుధవారమే ఒప్పుకున్నానండీ. నానేటి తప్పు సేసానండీ?"

జవాబు వెళ్లింది ప్రిన్సిపాల్ గారి చిరునామాకని ప్రింటు మీద చూశాను. నిజం చెప్పినా ఉద్యోగం తిరిగి వచ్చేది కాదు. తప్పు తనది కాదని మాత్రం ఆమెకు తెలిసేది.

"కంప్యూటర్ లోపమమ్మా" అన్నాను.

ఆపరేటర్ తలెత్తి నా వంక చూసింది. నాతవరం అమ్మాయి ప్రింటు మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయింది.