అన్న మూడో డోసు

అన్నకు పడాల్సిన సూది నాకు పడింది. "అది నాది కాదు" అని ఒక్క మాట అనలేకపోయాను.

అన్నకు మగవాళ్లంటేనే ఇష్టం. ఇంట్లో ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. దాన్ని డైరీలో కూడా రాయను. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఒక డాక్టరు అన్నకు హెచ్‌పీవీ టీకా రాశాడు. ఆ వైరస్ మగవాళ్లకూ పులిపిర్లు, క్యాన్సర్ తెస్తుందనీ, మగవాళ్లతో కలిసే మగవాళ్లకు ముప్పు ఎక్కువనీ చెప్పాడట. మూడు డోసుల్లో రెండు అక్కడే అయ్యాయి. మూడోదాని వేళకు పసుపు ఉడకబెట్టే పని మొదలై, దానికోసం ఇంటికొచ్చిన అన్న బోధన్ దగ్గరి మా ఊళ్లో చిక్కుకుపోయాడు.

మా వైపు దాన్ని ఆడపిల్లల టీకా అంటారు. అందుకే నిజామాబాద్ కాలేజీ నుంచి వస్తూ నేను తెస్తానన్నాను. దుకాణంలో "ఎవరికమ్మా?" అంటే తల వంచుకుని "నాకే" అన్నాను. స్టీలు డబ్బాలో ఐసు మధ్య పెట్టి బస్సులో ఒళ్లోనే మోసుకొచ్చాను. ఫ్రిజ్‌లో అల్లంవెల్లుల్లి డబ్బా వెనక దాచాను. మర్నాడు బోధన్‌లో ఎవరూ ఎరగని క్లినిక్‌లో అన్న వేయించుకోవాలి.

పొద్దున్నే పెరుగు కోసం ఫ్రిజ్ తెరిచిన అమ్మకు అది దొరికింది.

"ఏందే గిది?"

"టీకా. ఆడపిల్లలు ఏస్కోవాలని కాలేజీల చెప్పిండ్రు."

"గట్లయితే దాసుడెందుకే, పిచ్చిదానా!"

అమ్మ అంతటితో ఊరుకోలేదు. దవాఖానలో సూదులేసే మా పక్కింటి నర్సమ్మను పిలుచుకొచ్చింది. ఆమె డబ్బా తిప్పి చూసి, "మంచిదే. నా బిడ్డకు గూడ ఏపిచ్చిన. ఏదీ, చెయ్యి సూపియ్" అంది.

అప్పుడే అన్న మంచినీళ్లకు లోపలికొచ్చాడు. మోచేతుల దాకా పసుపే. నేను అన్న వైపు చూశాను. నాది కాదంటే, మరెవరిదంటారు. ఆ ప్రశ్న వస్తే తప్పించుకునే దారి మా ఇద్దరికీ లేదు. చెయ్యి చాపాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గింత పెద్దగైనవ్, సూదికి ఏడుస్తవా?" అని అమ్మ నవ్వింది.

"దానికి చిన్నప్పటి సంది సూదంటే భయమే" అని అన్న మళ్లీ పసుపు ఉడికే కడాయి దగ్గరికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అన్నం తీసుకెళ్తే మంట ఎగదోస్తూ అన్నాడు: "నా మందు నువ్వు మింగినవ్ గదనే."

"ఇప్పుడెట్లన్నా? మళ్ల తెస్తే అమ్మ సూడదా?"

"ఆలిస్యమైతే మొదటి నుంచి ఎయ్యాల్సిన పని లేదట. నీకు రెండు నెల్లకు రెండోది ఉంది గదా. తోడొస్త."

రెండు నెలలకు అమ్మే అన్నను నాకు తోడిచ్చి నిజామాబాద్ పంపింది. క్లినిక్‌లో సిస్టర్ "ఎవరికి?" అంది. అన్న నేల చూపులు చూస్తున్నాడు.

"ఇద్దరికి" అన్నాను.

"మొగపిలగానికి గిదెందుకు?"

బల్ల మీద కూర్చున్న వాళ్లందరూ మా వైపు తిరిగారు. "మొగోళ్లకు గూడ ఏస్తరు. డాక్టర్ రాసిండు" అని చీటీ ముందుకు జరిపాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆమె చీటీ చదివి, ఇంకేమీ అడగకుండా అన్నను చొక్కా చెయ్యి పైకి మడవమంది.

ఇంటికొచ్చాక అమ్మ ఉప్పు వేయించి, గుడ్డలో మూట కట్టి, నా జబ్బకు కాపడం పెట్టింది. బయట మబ్బు పట్టింది.

"అరే, గా పసుపు సంచులు లోపటెయ్‌రా, తడుస్తయ్" అంది అన్నతో.

అన్న సూది పడ్డ చేత్తోనే మొదటి సంచి భుజానికెత్తుకున్నాడు. ఒక్క క్షణం పళ్లు బిగించాడు. నేను లేవబోతే అమ్మ నా భుజం నొక్కింది.

"కదలకు. నొప్పెక్కుతది."

అన్న సంచులన్నీ మోసేదాకా నేను ఆ మూట కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.